బూడిద ఎవరు ఎత్తాలి?

పోయిన వేసవిలో మా పిన్ని హైదరాబాదు వచ్చి మా ఇంట్లో పదిరోజులుంది. వచ్చిన మర్నాడు పొద్దున నేను కాఫీ కలుపుతుంటే, ఆవిడ బల్ల మీద చూపుడువేలితో ఒక గీత గీసి, ఆ వేలిని వెలుతురులో పెట్టి చూసుకుంది. "ఏమంటుకుంది పిన్నీ?" అన్నాను. "ఏమీ అంటుకోలేదే, అందుకే చూసుకుంటున్నా" అంది. తర్వాత కిటికీ అంచు మీద, ఫ్రిజ్ మీద, టీవీ మీద కూడా వేలు రాసి చూసింది. ఆ పదిరోజులూ మా ఇంట్లో పొద్దున ఒక్కసారి చీపురు పట్టుకుంటే సరిపోయింది. తన ఇంట్లో ఆవిడ రోజుకి నాలుగుసార్లు ఊడుస్తుంది.

పిన్ని వాళ్ల ఊరు కోస్తాలో ఒక పెద్ద థర్మల్ విద్యుత్ కేంద్రం పక్కన ఉంది. సరిగ్గా చెప్పాలంటే ఆ కేంద్రం బూడిద చెరువు పక్కన. ఊరి పేరు చెప్పడం లేదు, చెప్పినా కథలో పెద్ద తేడా రాదు. వేసవిలో చెరువు పైపొర ఎండిపోతుంది. మధ్యాహ్నం గాలి తిరిగితే ఊరి మీదకి తెల్లటి దుమ్ము లేస్తుంది. అన్నం దించగానే మూత పెట్టాలి. ఉతికిన బట్టలు గదిలో ఆరెయ్యాలి. ఎంత ఎండ కాసినా డాబా మీద మిరపకాయలు పొయ్యడానికి లేదు. వడియాలు పెట్టడం మానేసి పదేళ్లయిందట. మనవడికి దగ్గొస్తే అది బూడిద వల్లేనని ఏ డాక్టరూ కాయితం మీద రాయడు. రాత్రంతా వాణ్ణి భుజాన వేసుకుని తిరగడం మాత్రం ఇంట్లో ఆడవాళ్ల వంతు.

ఇదంతా నాకు తెలియని సంగతేమీ కాదు. చిన్నప్పుడు ప్రతి సెలవులకీ వెళ్లిన ఊరే. తెలిసి కూడా, నేను చదివే విషయాలతో, రాసే విషయాలతో దాన్ని ఎన్నడూ కలపలేదు. నా పిహెచ్.డి. తెలుగు స్త్రీల కథల్లో ఇంటిపని గురించి. అందులో ఒక అధ్యాయంలో, మధ్యతరగతి ఇళ్లలోకి విద్యుత్ ఉపకరణాలు రావడంతో స్త్రీల శ్రమ కొంతవరకు తగ్గిందని ఒక వాక్యం రాశాను. దానికి పరీక్షకులెవరూ అభ్యంతరం చెప్పలేదు. నాకూ అది అభ్యంతరం పెట్టవలసిన వాక్యంగా కనిపించలేదు. పిన్ని తన వేలిని చూసుకుంటున్న ఆ పొద్దున, వెనక వాషింగ్ మెషీన్ తిరుగుతోంది, నా చెయ్యి మిక్సీ మీద ఉంది. అప్పుడు ఆ వాక్యం గుర్తొచ్చింది. తగ్గిన శ్రమ ఎక్కడికి పోయింది? నా ఇంట్లో ఒకసారి ఊడిస్తే చాలు, ఆవిడ ఇంట్లో నాలుగుసార్లు ఊడవాలి. ఆ మిగిలిన మూడుసార్లు ఎవరి ఇంటి పని?

*

థర్మల్ కేంద్రం ఎలా నడుస్తుందో చదవడం మొదలుపెట్టాక, అది మనకి ఎంత తెలిసిన పనో చూసి ఆశ్చర్యపోయాను. బొగ్గుని పిండి అంత మెత్తగా విసురుతారు. పొయ్యిలో మండిస్తారు. నీళ్లు మరగబెడతారు. ఆ ఆవిరిని అయిదువందల డిగ్రీలు దాటేదాకా వేడెక్కించి, దాని ఒత్తిడితో టర్బైను తిప్పుతారు. ఆవిరిని చల్లార్చి, నీళ్లు చేసి, మళ్లీ మరగబెడతారు. దేశంలోని పాత యూనిట్లలో బొగ్గు ఇచ్చే వేడిలో మూడోవంతుకి కాస్త పైన మాత్రమే కరెంటుగా మారుతుంది. మిగిలిన వేడి పొగతోనూ, చల్లార్చే నీళ్లతోనూ పోతుంది. బూడిదలో అయిదోవంతు పొయ్యి అడుగున పడుతుంది. తక్కినదంతా పొగతోపాటు పైకి లేస్తే, గొట్టానికి చేరకముందే విద్యుదావేశంతో లాగి దించుతారు. సిమెంటుకి, ఇటుకలకి, రోడ్లకి పోగా మిగిలినదాన్ని చాలాచోట్ల నీళ్లలో కలిపి పైపుల్లోంచి చెరువులోకి వదులుతారు.

మన బొగ్గులో బూడిద పాలు ఎక్కువ, నూటికి 30 నుంచి 45 దాకా ఉంటుంది. ఒక యూనిట్ కరెంటుకి సుమారు 700 గ్రాముల బొగ్గు కావాలి. అంటే దాదాపు పావుకిలో బూడిద. దేశంలో తయారయ్యే కరెంటులో దాదాపు నాలుగింట మూడు వంతులు బొగ్గు నుంచే వస్తుంది. నెలకి 200 యూనిట్లు కాల్చే మా ఇంటికి, అదంతా బొగ్గు కరెంటే అనుకుంటే, నెలకి 50 కిలోల బూడిద. నెలకొకసారి మా ఇంటికి పాతిక కిలోల బియ్యం మూట ఒకటి వస్తుంది. అలాంటివి రెండు మూటల బూడిద మా పేరున ఇంకో ఊరికి పోతోంది. నీళ్ల లెక్కా ఉంది. యూనిట్‌కి మూడున్నర లీటర్లు మించి వాడకూడదని 2015 డిసెంబరులో కేంద్రం నిబంధన పెట్టింది. దాని ప్రకారం చూసినా మా ఇంటికి నెలకి 700 లీటర్లు, నలభై బిందెలకి తక్కువ కాదు. వెయ్యి మెగావాట్ల కేంద్రం పూర్తి సామర్థ్యంతో ఒక్కరోజు నడిస్తే అయిదువేల టన్నులకి పైగా బూడిద తేలుతుంది. టన్నుల్లో చెప్తే నాకేమీ తెలియలేదు. మూటల్లోకి, బిందెల్లోకి మార్చుకున్నాక తెలిసింది.

బూడిద అంటే మన ఇళ్లలో ఆడవాళ్లకి తెలియని వస్తువు కాదు. మా అమ్మమ్మ కట్టెలపొయ్యి బూడిద జల్లించి దాచేది. అంట్లు తోమడానికి, చేపలు తోమడానికి, సొరపాదు మీద పురుగు పడితే చల్లడానికి అదే. పొద్దున పొయ్యిలోంచి బూడిద ఎత్తడంతో ఇంటి ఆడదాని రోజు మొదలయ్యేది. ఎత్తిన బూడిద ఎక్కడికి పోవాలో ఎత్తిన మనిషికి తెలిసేది. థర్మల్ బూడిద ఆ బూడిద కాదు. గాలిలో తేలేటంత సన్నం, ఆర్సెనిక్, పాదరసం లాంటివి కొద్దికొద్దిగా కలిసి ఉంటాయి, చల్లుకోవడానికి పాదులు చాలవు. దాన్ని తయారుచేసినవాళ్ల మాటల్లో దాని పేరు ఉపఉత్పత్తి. ఆ మాట మొదటిసారి చదివినప్పుడు నాకు ఇంటిపని గురించిన పాత చర్చలు గుర్తొచ్చాయి. అసలు పని ఒకటి ఉంటుంది, దాన్ని పురుషుడు చేస్తాడు. దాని చుట్టూ తుడిచేది, కడిగేది, ఎత్తిపోసేది ఇంకేదో ఉంటుంది. అది లెక్కలోకి రాదు.

*

అయితే కట్టెలపొయ్యి మీద బెంగపెట్టుకుని ఈ వ్యాసం రాయలేను. అమ్మమ్మ జీవితమంతా దగ్గుతూనే బతికింది. ఆ దగ్గు పొయ్యి ఇచ్చిందే. ఆమె రుబ్బురోలు ముందు గడిపిన పొద్దులు, బావిలో తోడిన చేదలు, కిరసనాయిలు బుడ్డి కింద కుట్టిన జాకెట్లు, వీటిలో కవిత్వం చూడగలిగేది ఆ పనులు చెయ్యని మనిషి మాత్రమే. మా అమ్మకి మోటారు, మిక్సీ వచ్చాయి. వాటివల్ల మిగిలిన గంటల్లో ఆమె టైలరింగ్ నేర్చుకుంది, నాలుగు డబ్బులు సంపాదించుకుంది. నేను ట్యూబులైటు కింద చదువుకున్నాను. విమల 'వంటిల్లు' కవిత, సత్యవతి 'ఇల్లలకగానే' కథ చదివి వంటింటి మీద కోపం తెచ్చుకున్న తరం మాది. ఆ కోపం న్యాయమైనదే. ఆ వంటింట్లోంచి బయటికి రావడానికి మాకు తోడ్పడినవాటిలో కరెంటు ఒకటి. ఆ మాట దాచిపెడితే నేను అబద్ధం రాసినట్టే.

ఇంకో తేలిక దారి కూడా ఉంది. స్త్రీలు ప్రకృతికి దగ్గరివాళ్లు, వాళ్లు సహజంగానే నేలనీ నీటినీ కాపాడతారు, యంత్రం పురుషుడిది అనే వాదం. వందనా శివ 1988లో ప్రచురించిన 'స్టేయింగ్ అలైవ్' నుంచి ఈ ఆలోచన మన దగ్గర చాలామందిని కదిలించింది. దానికి బీనా అగర్వాల్ 1992లో రాసిన విమర్శ నాకు ఎక్కువ ఒప్పుదలగా ఉంటుంది. స్త్రీకి ప్రకృతితో ఉన్న సంబంధం పుట్టుకతో వచ్చింది కాదు, ఆమె చేసే పని నుంచి, ఆమెకి ఉన్న లేక లేని ఆస్తి నుంచి వచ్చింది. పిన్ని నాలుగుసార్లు ఊడవడం భూమాత మీద ప్రేమతో కాదు. ఇంట్లో ఊడ్చే మనిషి ఆవిడే కాబట్టి. బాబాయి కూడా అదే గాలి పీలుస్తాడు, కానీ చీపురు ఎక్కడుంటుందో ఆయనకి తెలియదు.

కాబట్టి ప్రశ్నని కరెంటు మంచిదా చెడ్డదా అని అడగను. వంటింటి విషయంలో మనం నేర్చుకున్న పద్ధతిలోనే అడుగుతాను. స్త్రీవాదం వంట మానెయ్యమనలేదు. ఎవరు వండుతున్నారు, ఎవరు తింటున్నారు, ఏం వండాలో ఎవరు నిర్ణయిస్తున్నారు, ఎంగిలి ఎవరు ఎత్తుతున్నారు అని అడిగింది. అప్పటిదాకా అన్నం గురించి మాత్రమే మాట్లాడుతున్న ఇంట్లో ఎంగిలి గురించి మాట్లాడింది. ఆ ప్రశ్నలు ఇంటి గడప దగ్గర ఆగిపోవలసిన పని లేదు.

*

ప్రాజెక్టుకి భూమి తీసుకునేటప్పుడు వాడే మాట ప్రజాప్రయోజనం. 1894 నాటి భూసేకరణ చట్టం 2013 చివరిదాకా ఈ దేశంలో ఆ మాట మీదే నడిచింది. వినగానే ఎదురుచెప్పలేని మాట అది. సరిగ్గా అలాంటి మాట ఇంకొకటి ఆడవాళ్లందరికీ తెలుసు. కుటుంబం కోసం. కుటుంబం కోసం చదువు మానెయ్యి, ఉద్యోగం వదిలెయ్యి, నగలు తాకట్టు పెట్టు, సర్దుకుపో. ఆ మాటలో అబద్ధం లేదు. కుటుంబానికి నిజంగానే మేలు జరుగుతుంది. కాకపోతే ప్రతిసారీ ఒకే మనిషి ఇవ్వవలసి వస్తుంది, ఆ మనిషి తప్ప మిగిలినవాళ్లు కూర్చుని నిర్ణయిస్తారు. కుటుంబం అనే మాట అందరినీ కలుపుకున్నట్టే ఉండి ఒకరిని కనపడకుండా చేస్తుంది. ప్రజ అనే మాట కూడా అంతే. ఆ ప్రజలో మా పిన్ని ఊరు ఉందా? ఉంటే, ఆమె నాలుగుసార్లు ఊడవడాన్ని ప్రయోజనంలోంచి తీసివేసి లెక్క కట్టారా?

మా ఇంట్లో ఈ రెండు మాటలూ ఒకేసారి వినిపించాయి. పిన్నికి పెళ్లప్పుడు తాతయ్య పసుపు కుంకుమ కింద అరెకరం ఇచ్చాడు. ఇచ్చాడంటే నోటిమాట. అదే ఊళ్లో ఇచ్చిన సంబంధం కాబట్టి ఆమే దున్నించుకునేది, ఆమే కూరగాయలు పండించేది. పట్టా మాత్రం తాతయ్య పేరు మీదే ఉంది, ఆయన పోయాక మావయ్య పేరు మీదకి మారింది. 1986లో ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ కూతుళ్లకి ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో హక్కు ఇచ్చింది గాని, అప్పటికే పెళ్లయినవాళ్లని బయట ఉంచింది. పిన్నికి అప్పటికే పెళ్లయింది. నేను పదో తరగతిలో ఉండగా కేంద్రం కోసం ఆ చుట్టుపక్కల భూములు తీసుకున్నారు. నష్టపరిహారం చెక్కు పట్టాదారు పేరున వచ్చింది. ఇంటికో ఉద్యోగం అన్నప్పుడు ఇంటికి ఎవరు అని ఎవరూ అడగలేదు, అది ముందే తెలిసిన సంగతి. పిన్ని అరెకరం ఏ కాయితంలోనూ లేదు కాబట్టి పోయినట్టు కూడా ఎక్కడా లేదు.

2013 చట్టంలో పరిస్థితి కొంత మారింది. వితంతువుల్ని, విడాకులు తీసుకున్నవాళ్లని, కుటుంబం వదిలేసిన స్త్రీలని వేరే కుటుంబంగా లెక్కించాలన్నారు. వయసొచ్చిన ప్రతి వ్యక్తినీ, స్త్రీ అయినా పురుషుడైనా, ఒక కుటుంబంగా చూడాలన్నారు. చదివినప్పుడు సంతోషం వేసింది. కానీ కాయితం మీద లేని అరెకరాన్ని ఆ చట్టం కూడా ఎలా చూస్తుంది?

కాయితాలకి ఒక చూపు ఉంటుంది. మన జనాభా లెక్కల్లో ఇంటిపని చేసే స్త్రీలని పనిచేయనివారి గడిలో వేస్తారు. 2019లో జాతీయ గణాంక కార్యాలయం చేసిన కాల వినియోగ సర్వేలో, ఇంటివాళ్ల కోసం జీతంలేని ఇంటిపని చేసే స్త్రీలు దానికి రోజుకి సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. అయిదు గంటల పని చేసి పనిచేయనివారుగా నమోదు కావడం ఎలాంటిదో, పంట, చేప, గడ్డి ఇస్తూ బంజరుగా నమోదు కావడం అలాంటిది. శ్రీకాకుళం జిల్లా సోంపేట బీల విషయంలో జరిగింది అదే. నీళ్లు నిలిచే ఆ పల్లపు నేల చుట్టుపక్కల ఊళ్ల వ్యవసాయానికి, చేపల వేటకి, పశువుల మేతకి ఆధారం. పనికిరాని భూమి అన్న పేరుతో అందులో దాదాపు వెయ్యి ఎకరాలని 2640 మెగావాట్ల థర్మల్ కేంద్రానికి కేటాయించారు. ఊళ్లు ఎదురుతిరిగాయి. ఏళ్ల తరబడి సాగిన రిలే నిరాహార దీక్షల్లో, ఊరేగింపుల్లో స్త్రీలు ముందు వరసలో ఉన్నారు. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అదేరోజు జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ కేంద్రానికిచ్చిన పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. ఒక్కరోజు ముందు ఆ తీర్పు వచ్చి ఉంటే అన్న ఆలోచన ఇప్పటికీ నన్ను వదలదు. మరుసటి ఏడాది ఫిబ్రవరి 28న అదే జిల్లాలో కాకరాపల్లి థర్మల్ కేంద్రం వ్యతిరేక ఉద్యమం మీద కూడా కాల్పులు జరిగాయి.

సోంపేట ఆడవాళ్లు కరెంటు వద్దనలేదు. ఈ నేల ఖాళీగా లేదు, ఇక్కడ మేం పనిచేస్తున్నాం అన్నారు. ఇల్లాలు 'నేనేమీ చెయ్యడం లేదా?' అని అడగడానికీ దీనికీ నాకు పెద్ద తేడా కనిపించదు.

*

ఈ మాటలు ఒక స్నేహితురాలితో అంటే ఆమె చిరాకుపడింది. "అయితే ఏం చేస్తావు, ఏసీ తీసేస్తావా? తీసేస్తే మీ పిన్ని ఇంట్లో దుమ్ము తగ్గుతుందా?" అంది. తగ్గదు. నేను కొంత వాడకం తగ్గించుకున్నాను, అది నా మనసు కోసం. ఆ ప్రశ్నలో ఉన్న చిక్కు నన్ను చాలారోజులు పట్టుకుంది. నేరం నాది అనుకుంటే నేనొక్కదాన్నీ ఏమీ చెయ్యలేను. అందరిదీ అనుకుంటే ఎవరిదీ కాకుండా పోతుంది.

ఐరిస్ మారియన్ యంగ్ చివరి రచనల్లో నేరానికీ బాధ్యతకీ మధ్య చేసిన విభజన నాకు ఇక్కడ ఉపయోగపడింది. అన్యాయం చేసే వ్యవస్థలో మనం మన మామూలు పనులు చేసుకుంటూనే పాలుపంచుకుంటాం. దానికి మనం దోషులం కానక్కరలేదు. అయినా దాన్ని మార్చే పనిలో మనకి వంతు ఉంది, లాభపడేవాళ్లకి ఎక్కువ వంతు. జోన్ ట్రోంటో ఇంకొంచెం కటువుగా చెబుతుంది. సంరక్షణ పని ఎవరో చేసిపెడుతుంటే దాని గురించి ఆలోచించనవసరం లేకపోవడమే ఒక అధికారం అంటుంది. ఇంట్లో మగవాళ్ల గురించి మనం ఈ మాట ఎన్నిసార్లు అనుకున్నామో. కంచం ఎత్తి సింకులో వేసి, ఇక నా పని అయిపోయిందనుకునే మనిషిని చూసి నవ్వుకున్నాం, కోప్పడ్డాం. స్విచ్చి దగ్గర నిలబడితే నేనూ ఆ మనిషినే. ఇది నాకు తేలిగ్గా మింగుడుపడలేదు. స్త్రీగా నేను ఎవరి చేతుల్లో కనపడకుండా పోతున్నానో లెక్కపెట్టుకోవడం నాకు అలవాటు. నా చేతుల్లో ఎవరు కనపడకుండా పోతున్నారో లెక్కపెట్టుకోవడం అలవాటు లేదు.

కనపడకపోవడం ఎంత పద్ధతిగా జరుగుతుందో చూడాలంటే గంధకం కథ చూడాలి. బొగ్గు పొగలోని సల్ఫర్ డయాక్సైడ్‌ని తగ్గించాలని 2015 డిసెంబరులో ప్రమాణాలు పెట్టి, రెండేళ్లు గడువిచ్చారు. గడువు పొడిగిస్తూ పోయారు. చివరికి 2025 జూలైలో కొత్త ఉత్తర్వు వచ్చింది. జాతీయ రాజధాని ప్రాంతానికి గాని, పది లక్షల జనాభా దాటిన నగరానికి గాని పది కిలోమీటర్ల లోపు ఉన్న కేంద్రాలు ఆ ప్రమాణాలు పాటించాలి. బాగా కలుషితమైనవిగా గుర్తించిన చోట్ల విడివిడిగా పరిశీలిస్తారు. తక్కినవాటికి, అంటే దేశంలోని కేంద్రాల్లో నాలుగింట మూడు వంతులకి పైగా, పొగగొట్టం ఎత్తు సరిపోతే మినహాయింపు. దీనికి చెప్పిన కారణాలు ఉన్నాయి. మన బొగ్గులో గంధకం తక్కువ, యంత్రాల ఖర్చు ఎక్కువ, ఎత్తయిన గొట్టం పొగని చెదరగొడుతుంది. వాటిమీద ఇంజనీర్లు వాదించుకుంటున్నారు. ఆ వాయువు గాలిలో సన్నని రేణువులుగా మారి వందల కిలోమీటర్లు పోతుందని కూడా అంటున్నారు. నేను ఇంజనీర్ని కాదు. ఉత్తర్వుని ఒక పాఠంగా చదివినప్పుడు నాకు కనిపించింది మాత్రం చెప్పగలను. పక్కన పదిలక్షల మంది ఉంటే ఊపిరితిత్తులు లెక్కలోకి వస్తాయి, ఊరే ఉంటే రావు. పెద్దవాళ్ల విస్తళ్లలో అన్నీ వడ్డించాక ఆడవాళ్లు ఆఖరి బంతిలో తినడం మనకి తెలుసు. ఇదీ అలాంటి ఒక బంతి వరసే.

అడగడానికి ఒక చోటు ఉంది కదా అంటారు. 2006 నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి, నివేదిక సారాంశం స్థానిక భాషలో ఇవ్వాలి. పిన్ని వాళ్ల ఊళ్లో విస్తరణ పని కోసం అలాంటి సభ ఒకటి జరిగింది. ఆడవాళ్లు వెనక కూర్చున్నారట. వేదిక మీద ఉద్యోగాల గురించి, కాంట్రాక్టుల గురించి మాట్లాడారు. ఒక ముసలావిడ లేచి, బట్టలు ఎక్కడ ఆరేసుకోవాలో చెప్పండి అంటే అందరూ నవ్వారట. ఆ నవ్వు గురించి పిన్ని నాకు రెండుసార్లు చెప్పింది. బట్టల ప్రశ్నకి నవ్వొచ్చిందంటే అది చిన్న ప్రశ్న అయినందుకు కాదు, ఆ సభలో దానికి చోటు లేదు. నివేదికలో గాలి ఉంటుంది, నీరు ఉంటుంది, శబ్దం ఉంటుంది. నాలుగుసార్లు ఊడవడం గాలి కిందకి వస్తుందా, నీటి కిందకి వస్తుందా?

ఆ సభలో నవ్వినవాళ్లలో కొందరి ఇళ్ల ఆడవాళ్లు ఇప్పుడు ఉద్యోగుల క్వార్టర్లలో అంట్లు తోముతున్నారు. భూమి పోయిన ఊరికి ఆ రూపంలో కొంత పని దొరికింది. ఆ క్వార్టర్లలోని ఇల్లాళ్లని నేను నిందించలేను. వాళ్ల కిటికీల మీదా దుమ్ము ఉంటుంది. కాకపోతే అది తుడవడానికి మనిషి ఉంటుంది.

బొగ్గు రోజులు ఎన్నాళ్లో ఉండవని, ఎండ కరెంటు వస్తుందని అంటున్నారు. రావాలి. రామగుండంలో థర్మల్ కేంద్రం జలాశయం మీదే వంద మెగావాట్ల సౌర పలకలు 2022 నుంచి తేలుతున్నాయి. కానీ అదే రామగుండంలో 2023, 2024 సంవత్సరాల్లో 800 మెగావాట్ల కొత్త బొగ్గు యూనిట్లు రెండు జాతికి అంకితమయ్యాయి. బొగ్గు మానేసిన రోజున కూడా చెరువుల్లోని బూడిద ఎక్కడికీ పోదు. సౌర పలకలకీ వేల ఎకరాలు కావాలి, ఆ ఎకరాల మీదా ఎవరో ఒకరు గొర్రెలు మేపుకుంటూ ఉంటారు, కాయితాల్లో అది బంజరుగానే ఉంటుంది. పొయ్యి మారినంత మాత్రాన ఎంగిలి ఎత్తే మనిషి మారదని మన గ్యాసు వంటిళ్లు ఇదివరకే చెప్పాయి.

*

ఇంతవరకు రాసి ఒక విషయం దాచాను. మావయ్యకి వచ్చిన నష్టపరిహారంలోంచి ఆయన నా ఇంటర్మీడియట్ హాస్టలు ఫీజు కట్టాడు. రెండేళ్లు కట్టాడు. మా నాన్న చేతిలో డబ్బు లేని సమయం అది. మావయ్య మంచి మనిషి, తన కూతుర్ని చదివించినట్టే నన్ను చదివించాడు. ఆ రెండేళ్లు లేకపోతే డిగ్రీ లేదు, పిహెచ్.డి. లేదు, ఇంటిపని గురించి నేను రాసిన మూడువందల పేజీలూ లేవు. ఆ డబ్బులో పిన్ని అరెకరం ఉంది. కరెంటు ద్వారా పిన్నికి నేనున్న బాకీ అందరితో పంచుకోగలిగినది. ఇది అలా కాదు.

పోయిన సంక్రాంతికి వాళ్ల ఊరు వెళ్లినప్పుడు ఈ మాట ఆవిడతో చెప్పాను. నేను కూర్చోవడానికి మంచం దులుపుతోంది. చెప్తూ చెప్తూ నాకు గొంతు పట్టేసింది. ఆవిడ దులపడం ఆపలేదు.

"నాకు తెలుసులేవే. అప్పుడే తెలుసు."

"మరి ఎప్పుడూ అనలేదే పిన్నీ?"

"ఏమనాలి? నీ చదువుకే కదా పోయింది, ఊరికే పోలేదు." దుప్పటి రెండోవైపు తిప్పి పరిచింది. "కాకపోతే మీ మావయ్యగానీ, మీ అమ్మగానీ నన్నొక్క మాట అడగలేదు. అడిగుంటే ఇచ్చేదాన్ని కాదూ?"

తర్వాత చీపురు తీసుకుని మంచం కింద రాలిన దుమ్ము ఊడ్చింది. ఆ పూటకి అది మూడోసారి. నేను చీపురు అందుకోబోతే, "కూర్చో, మళ్లీ సాయంత్రం గాలికి వస్తుంది, అప్పుడు ఊడుద్దువుగాని" అంది. సాయంత్రం నేనే ఊడ్చాను. చేటలోకి ఎత్తాక, దాన్ని ఎక్కడ పారబొయ్యాలో తెలియక వాకిట్లో కాసేపు నిలబడ్డాను.